బోరునీళ్లు, ఆడవాళ్ల ఒళ్లు, షుగర్ జబ్బు
(నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఫ్లోరైడ్ అనగానే మనకు వంకర కాళ్లు, గారపట్టిన పళ్లు గుర్తొస్తాయి. మన జిల్లా పేరు ప్రపంచానికి తెలిసిందీ అట్లాగే. పటిక, సున్నంతో నీళ్లు శుద్ధిచేసే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టారు. 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఇక్కడి పిల్లల మోకాళ్ల వంకర గురించి రాశారు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఒక్క నల్లగొండ స్థానానికే 480 మంది పోటీలో నిలిచారు. ఆ పోరాటమూ నీళ్ల కోసమే.

అయితే ఫ్లోరైడ్ ఎముకతో ఆగదు. తిన్న తిండిలోని చక్కెరను ఒంటికి పట్టించేది ఇన్సులిన్. అది క్లోమంలో తయారవుతుంది. ఎక్కువ ఫ్లోరైడ్ ఆ పనిని మందగింపజేస్తుందని ప్రయోగాల్లో తేలింది. 1993లో లక్నో వైద్యులు ఫ్లోరోసిస్ ఉన్న 25 మంది యువతీయువకులను పరీక్షిస్తే, పదిమందికి ఒళ్లు చక్కెరను సరిగా పట్టించుకోవడం లేదని తెలిసింది. ఆరు నెలలు మంచినీళ్లు తాగాక ఆ లోపం సర్దుకుంది. ఇది చిన్న అధ్యయనం. దీన్నిబట్టి మన ఊళ్లల్లో షుగర్ అంతా నీళ్లవల్లనే అనకూడదు. కానీ మంచినీళ్లే మందుగా పనిచేశాయన్న సంగతి మరవకూడదు.

మరి ఆడవాళ్ల సంగతి? గర్భంతో ఉన్నప్పుడు ఇన్సులిన్ అవసరం పెరుగుతుంది. కాన్పులు, పాలివ్వడం ఒంట్లో కాల్షియంను లాగేస్తాయి. కాల్షియం తక్కువైన ఎముకకు ఫ్లోరైడ్ మరింత చేటు. షుగర్ ఉన్నవాళ్లకు దాహం ఎక్కువ. నీళ్లు ఎక్కువ తాగితే ఫ్లోరైడూ ఎక్కువ పోతుంది. దాన్ని బయటికి పంపే మూత్రపిండాలను షుగర్ జబ్బే దెబ్బతీస్తుంది. ఇట్లా ఒక చక్రం తిరుగుతుంది.

విషం ఆడ, మగ ఒంటిమీద ఒకేలా పనిచేయదని చెప్పే ఉదాహరణలున్నాయి. 1976లో ఇటలీలోని సెవెసోలో ఫ్యాక్టరీ నుంచి డయాక్సిన్ వెలువడింది. ఏళ్ల తర్వాత లెక్కలు తీస్తే, అక్కడి ఒక ప్రాంతంలో షుగర్‌తో చనిపోవడం స్త్రీలలోనే ఎక్కువగా కనబడింది. ఆ లెక్కలు ఆడ, మగ విడివిడిగా తీశారు కనుకనే అది తెలిసింది. వియత్నాంలో అదే విషమున్న మందు చల్లిన అమెరికన్ సైనికులను పరీక్షించినప్పుడు మాత్రం పరీక్షించింది మగవాళ్లనే. లెక్కలో లేని ఒంటికి న్యాయమూ ఉండదు.

2016లో మిషన్ భగీరథ మొదలయ్యాక నదినీళ్లు ఊళ్లకు వస్తున్నాయి. మంచిదే. కానీ నల్లా రాని రోజు బిందె పట్టుకుని బోరు దగ్గరికి పోయేది ఎవరు? ఇన్నేళ్లు తాగిన ఫ్లోరైడ్ ఎముకల్లోంచి ఒక్కరోజులో పోతుందా? నీళ్లు మరగబెడితే ఫ్లోరైడ్ పోదు, ఆవిరైనకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఈ మాట ప్రతి ఇంటికీ చెప్పాలి.

మనం అడగాల్సినవి మూడు. ఫ్లోరైడ్ ఊళ్లల్లో ప్రతి గర్భిణికీ, నడివయసు స్త్రీకీ షుగర్ పరీక్ష చేయాలి. ప్రతి బోరు నీళ్ల ఫలితాన్నీ పంచాయతీ గోడమీద రాయాలి, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దని స్పష్టంగా చెప్పాలి. ఆరోగ్య లెక్కలు ఆడ, మగ విడదీసి బయటపెట్టాలి.

ఇది దయ కాదు, మన హక్కు. నీళ్లు మోసే మనమే ఆ నీళ్లలో ఏముందని అడగాలి.