అడవిలోకి ఎవరి బండి వెళ్తుంది?

(ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో అంబేడ్కర్ జయంతి సందర్భంగా విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మా తాత శ్రీకాకుళం జిల్లా నుంచి ఇక్కడి రైల్వే వర్క్‌షాపుకి ఖలాసీగా వచ్చాడు. ఈ క్వార్టర్లలో తెలుగు మాట్లాడే చాలా ఇళ్ల కథ అదే, కాబట్టి దాని మీద ఆగను. నేనిప్పుడు హైదరాబాద్‌లో ఉమ్మడి భూముల చట్టాల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. "కంచ గచ్చిబౌలిలో పిల్లలు బుల్డోజర్లను ఎలా ఆపారో చెప్పు" అని ఇక్కడి అన్నలు అడిగారు. చెప్తాను. అయితే ఆ గెలుపులో మనకొక చిక్కు ఉంది. అది చెప్పకపోతే సగమే చెప్పినట్టు.

ముందు ఆ నేల సంగతి. 1969 తెలంగాణ ఉద్యమం, 1972 జై ఆంధ్ర ఉద్యమం, ఆ తర్వాత ఆరు సూత్రాల పథకం. అందులోంచి 1974లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పుట్టింది. దానికి చూపించిన భూమి సుమారు 2,300 ఎకరాలు. అందులో 400 ఎకరాలను 2003లో అప్పటి ప్రభుత్వం క్రీడా అకాడమీల పేరుతో ఐఎంజీ భారత అనే కంపెనీకి ఇచ్చింది. 2006లో తర్వాతి ప్రభుత్వం రద్దు చేసింది. కేసు ఏళ్ల తరబడి సాగి, 2024లో ప్రభుత్వం గెలిచింది. గెలిచిన భూమిని ఐటీ పార్కుల కోసం వేలం వెయ్యాలనుకుంది.

2025 మార్చి 30, ఉగాది. సెలవులు వరసగా వచ్చిన రోజులు. పోలీసుల కాపలాతో జేసీబీలు లోపలికి వచ్చాయి. అడ్డం వెళ్లిన విద్యార్థులను యాభై మందికి పైగా అదుపులోకి తీసుకున్నారు, ఇద్దరిని జైలుకి పంపారు. అంబేడ్కర్ విద్యార్థి సంఘం, వామపక్ష సంఘాలు, ఏబీవీపీ కూడా, ఎవరి జెండాతో వాళ్లు వేలాన్ని వ్యతిరేకించారు. తరగతులు బహిష్కరించారు. ఏప్రిల్ 2న లాఠీచార్జి జరిగింది. ఆ రోజే విద్యార్థులు, వట ఫౌండేషన్ వేసిన పిటిషన్ల మీద హైకోర్టు పనులు ఆపమంది. మర్నాడు సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టి, హైకోర్టు రిజిస్ట్రార్‌ను పంపి చూపించి, చెట్టు కొట్టడం ఆపించింది. అప్పటికే వంద ఎకరాల దాకా చదునైపోయింది.

రాత్రి లైట్ల వెలుగులో యంత్రాలు, వెనక నెమళ్ల అరుపులు ఉన్న వీడియోలు మీరూ చూసే ఉంటారు. కృత్రిమ మేధతో తయారుచేసిన బొమ్మలు కూడా కొన్ని తిరిగాయి. అవి అవసరమే లేదు, పైగా అవతలివాళ్లకి సాకు దొరికింది. అసలు బలం ఏళ్ల తరబడి ఓపిగ్గా రాసుకున్న జాబితాల్లో ఉంది. 734 రకాల పూల మొక్కలు, 220 రకాల పక్షులు ఆ ప్రాంగణంలో నమోదై ఉన్నాయి. మురిషియా హైదరాబాదెన్సిస్ అనే సాలీడును శాస్త్రానికి మొదట చూపించింది ఆ ప్రాంగణమే. "ఇక్కడ అడవి ఎక్కడుంది" అని అడిగినవాడి ముందు పెట్టడానికి విద్యార్థుల చేతిలో కాగితం ఉంది. ఉద్యమం అంటే నినాదమే అనుకునే మనవాళ్లు దీన్ని గమనించాలి.

ప్రభుత్వం వాదన కూడా కాగితమే. రెవెన్యూ రికార్డులో ఆ భూమి "కంచ అస్తబల్ పోరంబోకు" అని ఉంది, అడవి అని లేదు. కంచ అంటే పశువులు మేసే బీడు. అస్తబల్ అంటే గుర్రాల సాల. అంటే ఎవరి గుర్రాలో, ఎవరి పశువులో మేసిన నేల. మేపినవాళ్ల పేర్లు మాత్రం ఏ రికార్డులోనూ వెతికినా దొరకవు.

ఈ వాదనకి ఎదురుగా నిలబడింది 1996 డిసెంబర్ 12 నాటి గోదావర్మన్ కేసు తీర్పు. రికార్డులో ఏమున్నా, యజమాని ఎవరైనా, నిఘంటువు అర్థంలో అడవి అయితే అది అడవేనని అది చెప్పింది. ధర్మాసనానికి నేతృత్వం వహించిన జస్టిస్ బి.ఆర్. గవాయ్, పోయిన వంద ఎకరాల పచ్చదనాన్ని ఎలా తిరిగి తెస్తారో చెప్పమని ప్రభుత్వాన్ని నిలదీశారు. మరుసటి నెలలోనే ఆయన ప్రధాన న్యాయమూర్తి అయ్యారు, కె.జి. బాలకృష్ణన్ తర్వాత రెండో దళితుడు. నాకూ సంతోషమే.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఇదే గోదావర్మన్ కేసులోని ఉత్తర్వులు చూపించి 2002 మే 3న కేంద్ర పర్యావరణ శాఖ, అడవుల్లో ఆక్రమణదారులందరినీ ఖాళీ చేయించమని రాష్ట్రాలకి లేఖ రాసింది. ఆ "ఆక్రమణదారులు" ఎవరు? ఎక్కువమంది ఆదివాసులు, వాళ్ల పక్కనే బతికే దళితులు. ఆ గోల మీదనే 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. అయినా 2019 ఫిబ్రవరి 13న, క్లెయిము తిరస్కరించిన లక్షల కుటుంబాలను వెళ్లగొట్టమని సుప్రీంకోర్టు ఆదేశించింది. దేశమంతా గగ్గోలు పుట్టాక అదే నెల 28న ఆపింది.

ఆ చట్టంలో మన వాటా చూడండి. షెడ్యూల్డ్ తెగలవాళ్లు 2005 డిసెంబర్ 13 నాటికి అడవిలో ఉన్నట్టు చూపిస్తే చాలు. అడవిలో బతికే దళితుడు మాత్రం "ఇతర సంప్రదాయ అటవీ నివాసి" కిందికి వస్తాడు. మూడు తరాలు, అంటే 75 ఏళ్లు అక్కడే ఉన్నట్టు రుజువు తేవాలి. ఊరి బావి దగ్గరికే రానివ్వని మనిషికి 75 ఏళ్ల కిందట ఎవరు రసీదు రాసిచ్చారు?

ఇంకో సంగతి. ఈ చట్టం మొదటి నియమాల్లో, అటవీ ఉత్పత్తులను అడవిలోంచి ఎలా తెచ్చుకోవాలో కూడా రాశారు. తలమోపు, సైకిలు, చేతిబండి. అంతే. "తగిన రవాణా సాధనం" అని మార్చడానికి 2012 దాకా పట్టింది. నాలుగేళ్లపాటు ఈ దేశం విప్పపువ్వు ఏరుకునేవాడి సైకిలుకి కూడా నియమం రాసి కూర్చుంది. మరి 2023 ఆగస్టు 15న వికారాబాద్ అనంతగిరి గుట్టల్లో కార్లు, బైకులతో రేసులు పెట్టుకున్నారు కదా, వాళ్లకి ముందుగా ఏ నియమం అడ్డొచ్చింది? వార్తయ్యాకే కేసు.

దక్కన్‌లో బండరాయి మీద మట్టి పలచన. బరువైన టైరు ఒకసారి తిరిగితే నేల బిగుసుకుపోతుంది, వాన నీళ్లు ఇంకవు, టైరు గాడి కాలవవుతుంది, మట్టి కొట్టుకుపోతుంది. మేక కూడా అడవిని తింటుంది, కాదనను. కానీ మేక వెనకాల ఒక మనిషి ఉంటాడు. వానలు ఎప్పుడొస్తాయో, మళ్లీ చిగురు ఎప్పుడు వేస్తుందో వాడికి తెలుసు, తెలియకపోతే వాడి మేకే చస్తుంది. రేసు బండివాడు మళ్లీ ఆ దారికి రానక్కర్లేదు.

1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్, ప్రభుత్వ భూముల్లో రోడ్డు దాటి తిరిగే బండ్లు ఎక్కడ తిరగొచ్చో, ఎక్కడ తిరగకూడదో తేల్చమని ఉత్తర్వు ఇచ్చాడు. సరిగ్గా ఆ ఏడాదే మన మిడ్నపూర్ దాటాక ఉన్న అరాబారిలో ఇంకో పని మొదలైంది. అటవీ అధికారి అజిత్ కుమార్ బెనర్జీ 11 ఊళ్లవాళ్లని పిలిచి, పాడైపోయిన 1,272 హెక్టార్ల సాల్ అడవిని మీరే కాయండి, ఆకులూ పుట్టగొడుగులూ మీవే, కలప అమ్మితే 25 శాతం మీది అన్నాడు. అడవి తిరిగి లేచింది. మనుషులను బయటికి పంపి కాదు, లోపలికి పిలిచి. హైదరాబాద్ ఉద్యమం గురించి రాసిన ఇంగ్లీషు వ్యాసాల్లో నెమలి, జింక, నక్షత్ర తాబేలు కనిపించాయి. గొర్రెలు కాసేవాళ్లు, కట్టెలు ఏరుకునే ఆడవాళ్లు కనిపించలేదు. ఆ అడవికి రేపు గోడ కట్టి టికెట్ పెడితే దాన్ని కూడా గెలుపే అంటారా అని నేను అక్కడి మిత్రులను అడిగాను. కొందరికి కోపం వచ్చింది, కొందరు ఆలోచనలో పడ్డారు.

ఎందుకంటే ఆ ప్రాంగణానికి గోడల చరిత్ర కొత్త కాదు. 2016 జనవరిలో రోహిత్ వేములతో పాటు నలుగురు దళిత స్కాలర్లను హాస్టళ్లలోంచి వెళ్లగొడితే, అదే నేల మీద వాళ్లు వెలివాడ వేసుకుని పడుకున్నారు. జనవరి 17న రోహిత్ మనల్ని విడిచి వెళ్లిపోయాడు. 2025లో "ఈ నేల మాది" అని అరిచిన గొంతులకి ముందు, అక్కడే "మాకు చోటు ఎక్కడ" అని అడిగిన గొంతులున్నాయి. రెండో ప్రశ్న లేకుండా మొదటి మాట నాకు నమ్మబుద్ధి కాదు.

బాబాసాహెబ్ 1938లో మన్మాడ్‌లో రైల్వే దళిత కార్మికులతో మాట్లాడుతూ, కార్మికుడికి బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ విధానం రెండూ శత్రువులేనన్నారు. రైల్వే ఊళ్లో పుట్టిన మనకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. జేసీబీ వెనక ఏది ఉందో కనిపిస్తుంది. గేటు దగ్గర కూర్చున్నది ఏదో చూడటం కష్టం.

ఇక మన పని. హిజ్లీ వైపు అడవిలో ఎవరు ఏరుకుంటున్నారు, ఏం ఏరుకుంటున్నారు, ఏ బండ్లు తిరుగుతున్నాయి, ఏ దారిన వెళ్తున్నాయి, ఇవన్నీ ఒక నోటు పుస్తకంలో రాయడం మొదలుపెడదాం. పక్షుల పేర్లు రాసే పేజీ పక్కనే మనుషుల పని రాసే పేజీ ఉండాలి. బెంగాలీ, సంతాలీ వచ్చినవాళ్లు కావాలి, నా బెంగాలీ బజారుకే సరిపోతుంది. వచ్చే ఆదివారం పొద్దున్నే అరాబారి వెళ్తున్నాం, చంద్రకోణా రోడ్డు దాకా రైల్లో. ఇప్పటికి ఎనిమిది మంది పేర్లిచ్చారు. మిగతావాళ్లు ఈ సభ అయ్యాక నా దగ్గర రాయించుకోండి.