చేతిపని చిన్నతనం కాదు



మనుమణ్ణి ఐ.టి.ఐ.లో చేర్చాలంటే మన ఇళ్ళలో ఇంకా నామోషీగానే ఉంది. పదో తరగతి తరువాత ఫిట్టరు, ఎలక్ట్రానిక్స్ మెకానిక్ రెండూ రెండేళ్ళ కోర్సులు. ఒకరు ఆకురాయి పట్టడం, వెర్నియరుతో కొలవడం నేర్చుకుంటారు. మరొకరు మల్టీమీటరుతో లోపం పట్టి, సోల్డరింగు చేయడం నేర్చుకుంటారు.

కొద్ది వారాల్లో అసెంబ్లీ ఉద్యోగమన్న ప్రకటన చూసి గ్రాట్యుటీ సొమ్ము కట్టేయకండి. స్క్రూలు బిగించడమొక్కటే నేర్పితే, ఆ లైను ఆగిననాడు పిల్లవాడి గతేమిటి?

సర్టిఫికెట్లు సరిచూసిన గుమాస్తాను కనుక చెబుతున్నాను: నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్ వస్తుందా అని ముందు అడగండి. అది చేతికొచ్చాక 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద ఫ్యాక్టరీలో స్టైపెండుతో పని నేర్చుకోవచ్చు. మనుమరాళ్ళనూ పంపండి.

సెలవు.