బాలాపూర్‌లో నా ఇంటర్న్‌షిప్: డిలీట్ చేసినా పోని ఒక స్టేటస్

ఈరోజు నేను చేసిన ఇంటర్న్‌షిప్ గురించి మాట్లాడతాను. అందులో నేను చేసిన ఒక తప్పు కూడా చెప్తాను. అది మీ ఫోన్‌కి కూడా సంబంధించిందే, కాబట్టి చివరిదాకా వినండి.

నేను అమీర్‌పేట్‌లో హాస్టల్‌లో ఉంటాను, ఎంఎస్‌డబ్ల్యూ చదువుతున్నా. మా కోర్సులో ఫీల్డ్ వర్క్ కంపల్సరీ. శరణార్థులతో పనిచేసే ఒక చిన్న సంస్థలో నన్ను వేశారు, ఏరియా బాలాపూర్. హాస్టల్‌లో చెప్తే అందరూ ఒకటే మాట, "లడ్డూ వేలంపాట ఊరేనా?" అని. అవును, అదే. 1994లో 450 రూపాయలతో మొదలైంది ఆ వేలం. ఖైరతాబాద్ గణపతి తర్వాత మనం టీవీలో చూసేది బాలాపూర్ లడ్డూనే కదా. కానీ ఆ చుట్టుపక్కలే రేకుల షెడ్లలో రోహింగ్యా కుటుంబాలు బతుకుతున్నాయని నాకు అప్పటిదాకా తెలియదు. అమీర్‌పేట్‌లో మెట్రో ఎక్కి ఎల్బీనగర్‌లో దిగి, అక్కడి నుంచి ఆటోలు మారి వెళ్ళేదాన్ని.

వీళ్ళు ఎవరంటే, మయన్మార్‌లో రఖైన్ రాష్ట్రం వాళ్ళు. 1982లో అక్కడ వచ్చిన పౌరసత్వ చట్టంతో వీళ్ళకు దేశమే లేకుండా పోయింది. 2012లో అల్లర్లు జరిగాయి. 2017 ఆగస్టులో సైన్యం దాడులు మొదలయ్యాక ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కి పారిపోయారు. కొందరు అక్కడా ఇక్కడా తిరిగి హైదరాబాద్ చేరారు. ఎందుకు ఇక్కడికే అంటే, కూలి పని దొరుకుతుంది, పాతబస్తీలో ఉర్దూతో నెట్టుకురావచ్చు, ముందే వచ్చిన బంధువులు ఉన్నారు. మనలో చాలామంది కోర్సు కోసం అమీర్‌పేట్‌కి ఎలా వచ్చాం? మన ఊరి అన్న ఎవరో ఒకరు ముందే ఇక్కడ ఉన్నారు కాబట్టే కదా.

అయితే తేడా కూడా పెద్దదే. 1951 నాటి శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకం చేయలేదు. శరణార్థుల కోసం మనకు ప్రత్యేక చట్టం లేదు. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ, అంటే యూఎన్‌హెచ్‌సీఆర్, ఒక కార్డు ఇస్తుంది. అది ఆధార్ కాదు. దాంతో సిమ్ కార్డు దగ్గర ఆగిపోతారు, బ్యాంకు దగ్గర ఆగిపోతారు.

మరి ఇంటర్న్ ఏం చేస్తుంది? మొదటిరోజు నేను పెద్ద పెద్ద ప్లాన్స్‌తో వెళ్ళాను. మా మేడమ్ నవ్వి, "ముందు వాళ్ళతో పాటు లైన్లో నిలబడు" అన్నారు. నిజంగానే నా పని అదే. ఆసుపత్రిలో ఓపీ చీటీ ఎక్కడ తీసుకోవాలి, ఏ బస్సు ఎక్కడ ఆగుతుంది, మందులు తిన్నాక వేసుకోవాలా తినకముందా. ఒక ఫారంలో "ఇంటిపేరు" అని గడి ఉంది. మనకు ఇంటిపేరు లేనిదే పేరు మొదలవ్వదు. రోహింగ్యాల్లో చాలామందికి ఇంటిపేరే ఉండదు. ఆ ఒక్క గడి కోసం కౌంటర్ నుంచి కౌంటర్‌కి మూడుసార్లు తిరిగాం.

స్కూల్ అడ్మిషన్ అయితే ఇంకో కథ. పుట్టిన తేదీ కాగితం లేదని వెనక్కి పంపితే, అక్కడ ఎలా మాట్లాడాలో మేడమ్ నేర్పించారు. 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు వర్తిస్తుంది. వయసు రుజువు లేదన్న కారణంతో అడ్మిషన్ ఆపకూడదని అందులోనే ఉంది. గొడవ పడకుండా, మర్యాదగా, ఆ పేజీ ప్రింట్ తీసి చూపించాం. పాప బడిలో చేరింది.

నా తప్పు ఆరోజే జరిగింది. కొత్త బ్యాగ్ వేసుకుని నవ్వుతున్న ఆ పాపని వీడియో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాను. ముఖం, షెడ్డు, వెనకాల షాపు బోర్డు, అన్నీ కనిపిస్తున్నాయి. నాకు అభినందనలే అభినందనలు. వాళ్ళమ్మని నేను ఆపా అని పిలిచేదాన్ని. మర్నాడు ఆవిడ తలుపు దగ్గరే నిలబడి, "అది తీసెయ్యమ్మా" అని హిందీలో అడిగింది. కోపంగా కూడా కాదు. వాళ్ళ వాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారట. ఇక్కడ కూడా ఎవరు చూసి ఎవరికి చెప్తారో, ఏ రాత్రి ఇల్లు మారాల్సి వస్తుందో అన్న భయం.

వెంటనే డిలీట్ చేశాను. అప్పటికే మా కజిన్ సేవ్ చేసి రెండు గ్రూపుల్లో వేసింది. ఒక గ్రూపులో దాని కింద వాళ్ళను తిడుతూ రాశారు కూడా. నేను ఒక్కొక్కరికీ ఫోన్ చేసి తీయించాను. అందరూ తీశారో లేదో ఇప్పటికీ చెప్పలేను. మేడమ్ దగ్గర ఒప్పుకున్నాను. "ఆపాతో నువ్వే చెప్పు, ఎంతవరకు వెళ్ళిందో దాచకుండా చెప్పు" అన్నారు. చెప్పాను. ఆపా చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మేం ఎక్కడున్నామో చెప్పాల్సింది మేము, నువ్వు కాదు" అంది. ఆ వారమంతా పాపని స్కూల్‌కి పంపలేదు. మళ్ళీ పంపడానికి ఎనిమిది రోజులు పట్టింది. బడికి తీసుకెళ్ళింది నేనే, ఆపింది కూడా నేనే.

మీలో ఎవరైనా ఇలాంటి ఇంటర్న్‌షిప్‌కి వెళ్తే నాలుగు మాటలు. ఫోన్ బ్యాగ్‌లో పెట్టండి. "ఫోటో తీయొచ్చా" అని అడిగినా చాలదు, ఎందుకంటే సాయం చేసేవాళ్ళకు కాదని చెప్పడం కష్టం. "ఎలా పారిపోయి వచ్చారు" అని మీరు అడగొద్దు, వాళ్ళే చెప్తే వినండి. కార్డు ఇప్పిస్తా, ఉద్యోగం ఇప్పిస్తా అని మాట ఇవ్వొద్దు. నాలుగోది, ప్రతి పనీ మీరే చేసిపెట్టకండి. మొదటిసారి తోడు వెళ్ళండి, రెండోసారి పక్కన నిలబడండి, మూడోసారి వాళ్ళనే వెళ్ళనివ్వండి.

నా ఇంటర్న్‌షిప్ ఆఖరి వారంలో ఆపాకి ఓపీకి వెళ్ళాల్సిన రోజు వచ్చింది. నేను మెట్రోలో ఉండగానే ఫోన్ చేసింది. "రావొద్దు, చీటీ తీసుకున్నా" అంది. నేను ఎల్బీనగర్‌లో దిగి, అటు ప్లాట్‌ఫాం మీదికి వెళ్ళి, అమీర్‌పేట్ వైపు రైలెక్కాను.

అంతే ఫ్రెండ్స్. ఆ పాప ఫోటో ఈ ఎపిసోడ్‌లో ఎందుకు లేదో మీకు అర్థమయ్యే ఉంటుంది. మళ్ళీ కలుద్దాం.