పీఠభూమియు నదీమైదానమును



గోదావరి డెల్టాకు పోయి వచ్చిన తెలంగాణపు రైతు "ఆ భూములు బంగారము, మనవి రాళ్లు" అని నిట్టూర్చుట కలదు. ఈ మాట సగమే నిజము. ఆ రెండు నేలలును వేరువేరు విధముల నేర్పడినవి. నైజము నెఱిగి సేద్యము చేసినచో రెండును అన్నము పెట్టును. ఒకదాని పద్ధతిని మఱియొకదానిపై మోపినచో నష్టపడువాడు రైతే.

నదీమైదానము: గోదావరి నాసికు సమీపమున త్ర్యంబకము కడ పుట్టి, సుమారు 1,465 కిలోమీటర్లు ప్రవహించి సముద్రమును చేరును. తాను కొట్టుకొనివచ్చిన ఒండ్రును ధవళేశ్వరమునకు దిగువను, వేగము తగ్గినచోట, పొరలుపొరలుగా పఱచినది. అందుచే నచ్చటి నేల లోతైనది. వాలు మిక్కిలి స్వల్పము. 1852 లో కాటన్ దొర ముగించిన ఆనకట్ట యొక్కటియే విశాలమైన ఆయకట్టునకు నీరందించుట కీ సమతలమే తోడ్పడినది. కాని యీ సమతలమే యచ్చటి కష్టమునకును మూలము. వచ్చిన నీరు త్వరగా పోదు. మురుగుకాలువలు పూడినచో పైరు కుళ్లును. సముద్రతీరమున బావుల నతిగా తోడినచో ఉప్పునీరు లోనికి చొచ్చును.

పీఠభూమి: హైదరాబాదు నగరము సముద్రమట్టమునకు సుమారు 1,750 అడుగుల యెత్తున నున్నది. ఈ ప్రాంతమున చాలభాగము నేల క్రింద నున్నది మిగుల పురాతనమైన గ్రానైటు జాతిరాయి. అది యున్నచోటనే చివికి చల్క యైనది. ప్రాచీనకాలపు లావా గట్టిపడిన రాయి యున్న పడమటి, ఉత్తర భాగములలో రేగడి యేర్పడినది. చల్కలో నీరు త్వరగా ఇంకిపోవును. రేగడి తేమను చాలకాలము పట్టియుంచును. రాతిలో నీరు నిలుచునది చివికిన పొరయందును పగుళ్లయందును మాత్రమే. ఒక రైతు బోరులో నీరు పడి, ప్రక్క చేనిలో పడకుండుటకు కారణ మిదియే. ఆ నిలువ స్వల్పము; వానకు నిండును, వేసవికి తఱుగును.

అయినను ఎగుడుదిగుడు నేల కొక సుగుణము కలదు. రెండు మిట్టల నడుమ కట్ట వేసినచో చెరువగును. పాకాల, రామప్ప చెరువులను కాకతీయుల కాలమున నిట్లే కట్టిరి. ఎగువ చెరువు మత్తడి దూకిన నీరు దిగువ చెరువును నింపునట్లు గొలుసుగా నేర్పఱచిరి. చెరువు నిండినచో, ఇంకిన నీటితో చుట్టుప్రక్కల బావులును ఊరును.

కావున మా మనవి యిది. డెల్టాను చూచి చల్కలో బోరునే నమ్మి యాసంగి వరి విరివిగా వేయకుడు. బోరెండినచో పైరును పోవును, అప్పును మిగులును. చల్కకు కంది, జొన్న, ఆముదము తగినవి. రేగడిలో మిగిలిన తేమతో శనగ పండును. వాలున కడ్డముగా దున్నుడు, గట్లు నిలుపుడు. ఎకరముపై ఒక అంగుళము వాన యనగా లక్ష లీటర్లకు మించిన నీరు. దానిని చేను దాటనీయకుడు. వేసవిలో చెరువు పూడికమట్టిని చల్కకు తోలుకొనుడు. అది తేమను నిలుపును. కట్ట మొదట మాత్రము త్రవ్వకుడు.

మైదానపు రైతునకు నీటిని పంపివేయుట విద్య. మనకు నీటిని నిలుపుకొనుట విద్య. ఈ భేదమును మఱువకుందురు గాక.