చాపకూడులో గట్టు మీది కూర



మాచర్ల చెన్నకేశవస్వామి పేరు తలిస్తే పల్నాటి మంత్రి బ్రహ్మనాయుడు గుర్తుకొస్తాడు. అన్ని కులాలవాళ్లనీ ఒకే బంతిలో కూర్చోబెట్టి ఆయన పెట్టించిన చాపకూడు గుర్తుకొస్తుంది. పన్నెండో శతాబ్దపు ఆ ముచ్చట కారంపూడిలో ఇప్పటికీ నడుస్తోంది. కార్తీక అమావాస్యకు మొదలయ్యే వీరారాధన ఉత్సవాల్లో మూడోరోజు, మందపోరునాడు, చాపకూడు పెడతారు. వీరవిద్యవంతులు పాడే పల్నాటి వీరుల కథ, అందరూ కలిసి తినే కూడు రెండూ ఒకే పండగలో ఉండటం నాకెంతో ఇష్టం. ఆ బంతిలో మన గట్ల మీది ఆకుకూర కూడా ఒకటి ఉండాలని నా కోరిక.

సాగర్ కుడికాలవ రాకముందు మన పల్నాడు జొన్నల సీమ. కలుపుకెళ్లిన ఆడవాళ్లు పొద్దుగూకే వేళ ఒడినిండా ఆకు తెచ్చేవాళ్లు: చెంచలి, గలిజేరు, పాయలకూర, తడి ఉన్నచోట పొన్నగంటి. ఇప్పుడు పత్తి, మిరప చేలల్లో కలుపుమందు కొడుతున్నారు. ఆ మందుకు కలుపేదో కూరేదో తెలియదు. ఆకుతోపాటు, అమ్మమ్మ పక్కన నడుస్తూ దాన్ని గుర్తుపట్టడం నేర్చుకునే అవకాశమూ పిల్లలకు పోయింది. ఈ రెండో నష్టమే పెద్దది.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు సంక్రాంతికి పాత పంటల జాతర మొదలుపెడతాయి. ఎడ్లబండ్లను సింగారించి, పాత విత్తనాలు పెట్టుకుని, పాటలు పాడుతూ ఊరూరా తిరుగుతారు. అలాంటి జాతర చేయకపోయినా, మనకు ధనుర్మాసం ముగ్గులున్నాయి, బడి గోడలున్నాయి. పెద్దవాళ్లు చెబుతుంటే పిల్లలు వాటిలో ఈ ఆకుల బొమ్మలు వేయాలి. గీయాలంటే నిదానంగా చూడాలి కదా! చెంచలికి గులాబీరంగు కంకి, పొన్నగంటికి ఆకు మొదట్లో తెల్లటి పూగుత్తి. పాయలకూరకు ఎర్రటి కాడ, దళసరి ఆకు. నేలబారుగా పాకే నానబాల జాతి మొక్కలూ కొంచెం అలాగే ఉంటాయి. కాడ విరిచినప్పుడు పాలు కారితే అది పాయలకూర కాదు, వదిలేయండి.

ఇక ఒంటి సంగతి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో వందకు 58 మందికి పైగా రక్తహీనత ఉంది. ఆకుకూరల్లో ఇనుము ఉన్నా, మాంసంలోని ఇనుమంత తేలిగ్గా ఒంటికి పట్టదు. సి విటమిన్ తోడైతే బాగా పడుతుంది. అందుకే కూర దించాక నిమ్మకాయ పిండండి. పొయ్యి మీద ఉండగా పిండితే వేడికి ఆ విటమిన్ చాలావరకు పోతుంది. అన్నం తినగానే టీ తాగొద్దమ్మా, గంటసేపు ఆగండి. అందులోని వగరు పదార్థాలు ఇనుమును అడ్డుకుంటాయి. కంటికి మేలుచేసే బీటా కెరోటిన్ ఒంటబట్టాలంటే నూనె కావాలి, కాబట్టి తాలింపు మానకండి. డాక్టరు ఇచ్చిన ఐరన్ మాత్రలు మాత్రం వేసుకుంటూనే ఉండాలి. కూర వాటికి తోడే.

మందు కొట్టిన చేలో, మురుగుకాలవ పక్కన, లారీలు తిరిగే రోడ్డు వారన ఆకు కోయకండి. తెలిసినవాళ్లు చూసి సరే అంటేనే వండండి. పాయలకూరలో, తోటకూరలో ఆక్సలేట్లు ఎక్కువ. ఉడికించిన నీళ్లు వంపేస్తే కొంత తగ్గుతాయి. మూత్రపిండాల్లో రాళ్లున్నవాళ్లు డాక్టర్ని అడిగే తినాలి.