వద్దన్న ముద్ద

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో చిన్నబిడ్డల తల్లులను పలుకరించినచో తఱచుగా వినవచ్చు మొఱ యొకటి కలదు. "బిడ్డ సంగటి ముట్టడు. తెల్లన్నము, పెరుగు తప్ప ఏమి పెట్టినా మూతి తిప్పుకుంటాడు." ఈ మాటలో రెండు సంగతులు ముడివడి యున్నవి. పసివారు ఎఱుగని తిండిని చూచి జంకుట యొకటి. అది లోకమంతట నున్నదే. తాతముత్తాతలను పోషించిన తిండియే ఈ సీమ బిడ్డకు ఎఱుగని తిండి యగుట రెండవది. అది మన యిండ్లలో పుట్టినది.

పుట్టిన బిడ్డ ఏడాది నిండునప్పటికి పుట్టుకనాటి బరువునకు రమారమి మూడు రెట్లు తూగును. అంతటి వేగము మఱల రాదు. అటుపిమ్మట ఏటికి రెండు మూడు కిలోలు పెరుగుటయే సహజము. పెరుగుదల నెమ్మదించినపుడు ఆకలియు నెమ్మదించును. తల్లి మాత్రము పాత లెక్కనే గిన్నె నింపును. బిడ్డ సగము తిని తల త్రిప్పుకొనగానే ఇంటిల్లిపాదికి దిగులు పట్టుకొనును. సరిగా ఆ యీడుననే, రెండేండ్లకు ఆరేండ్లకు నడుమ, కొత్త రుచి యన్న జంకు మెండుగా నుండును. నడక నేర్చి, కనబడినదెల్ల నోట బెట్టుకొనగల పసివానికి ఇది ప్రకృతి పెట్టిన కాపలా యని శాస్త్రజ్ఞుల యూహ. కావున "వద్దు" అనిన ప్రతి బిడ్డను మొండివాడని తిట్టుట న్యాయము కాదు.

జంకు తీరుటకు మార్గము పరిచయమే. లీన్ బర్చ్ అను అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు 1982లో తోటి పరిశోధకురాలితో కలిసి ప్రకటించిన పరిశోధనలో, రెండేండ్ల బిడ్డలకు ఒక పదార్థమును ఎన్నిమారులు రుచి చూపిన అంతగా దానిపై ఇష్టము పెరిగినట్లు తేలినది. కొందఱికి ఎనిమిది పదిమారులు, మఱికొందఱికి పదునైదు మారులు కూడ కావలసి వచ్చును. మనము రెండు మూడు మారులకే "వీనికి పడదు" అని తీర్పు చెప్పివేయుదుము. ఆమెయే 1984లో ప్రకటించిన మఱియొక పరిశోధన ఇంకను వింతయైనది. బహుమానము ఆశ చూపి త్రాగించిన పానీయముపై పిల్లలకు ఇష్టము పెరుగుటకు మాఱు తగ్గినది. "సంగటి తింటే చాక్లెట్టు ఇస్తా" నన్నపుడు బిడ్డ గ్రహించునది స్పష్టమే: సంగటి శిక్ష, చాక్లెట్టు వరము.

ఎలిన్ సాటర్ అను మఱియొక ఆహార నిపుణురాలు తల్లికిని బిడ్డకును పనులు పంచినది. ఏమి పెట్టవలెను, ఎప్పుడు పెట్టవలెను, ఎచ్చట పెట్టవలెను, ఇవి పెద్దల వంతు. తినుటయా మానుటయా, ఎంత తినుట, ఇవి బిడ్డ వంతు. వినుటకు సులభమే. బిడ్డను కాళ్ల నడుమ బిగించి, ముక్కు మూసి ఉగ్గు పోసిన అవ్వలు ఇంకను ఉన్న యిండ్లలో ఇది నెగ్గుట కష్టము. ఈనాడు ముక్కు మూయుటకు బదులు చేతిఫోను వచ్చినది. చందమామను చూపి గోరుముద్దలు పెట్టునపుడు తల్లి మొగము, మాట, ముద్ద ఒక్కచోట నుండెడివి. ఫోనులోని బొమ్మలపై కన్ను నిలిపిన బిడ్డకు తాను మ్రింగునదేమో, కడుపు నిండినదో లేదో తెలియదు.

ఇక రెండవ సంగతి. వానలు తక్కువైన ఈ యెఱ్ఱనేలలలో రాగి నిత్యాన్నము. వరియన్నము పండుగకు, చుట్టమునకు. వరి బియ్యము చవుకగా దొరకిన పిమ్మట సంగటి కూలివాని కూడన్న పేరు పడినది. అవ్వ వంటింటి మూల సంగటి తినుచు, మనుమనికి తెల్లన్నము వడ్డించును; చుట్టము వచ్చిననాడు సంగటి గిన్నెను మఱుగుపఱచును. బిడ్డ ఇది చూచుచునే యుండును. పెద్దలు సిగ్గుపడిన తిండిని బిడ్డ కోరునా? నూరు గ్రాముల రాగులలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియము కలదు. తెల్లబియ్యములో అది పది మిల్లీగ్రాములకు అటునిటు మాత్రమే. ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా జరిపిన 2023లోనే, మార్చి నెలలో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలలో బెల్లముతో రాగిజావ ఇచ్చుట మొదలైనది. నగరములలోని హోటళ్లలో నాటుకోడి పులుసుతో సంగటికి పలుకు వెల చెప్పినచో మన అవ్వలు నవ్వుదురు! మూడు భాషలు కలియు కుప్పములో ఈ ముద్దయే తమిళులకు కళి, కన్నడిగులకు ముద్దె. పొరుగింట వేఱు పేరుతో పిలిచి పెట్టినచో రుచి చూచు బిడ్డలును కలరు.

పెట్టు తీరులోను కొంత మెలకువ కావలెను. పెద్దలు సంగటిని నమలక మ్రింగుదురు. బిడ్డ నమలును, అది పండ్లకు, అంగిటికి అంటుకొనును, ఉమ్మివేయును. ఉసిరికాయంత ముద్దను నేతిలోనో, మదనపల్లె టొమాటోతో చేసిన పుల్లని పప్పులోనో ముంచి, బిడ్డ మెచ్చు అన్నము ప్రక్కనే పెట్టవలెను. అదే పళ్లెమునుండి తండ్రియు తినవలెను. ఆఱవ నెల దాటిన పసివానికి మొలకెత్తించి, ఎండించి, విసరిన రాగిపిండి జావ తగినది. మొలకవలన జావ పలుచనై సులభముగా దిగును.

పుంగనూరు పొట్టి ఆవు చిక్కని పాలకు పేరెన్నికగన్నది. ఐనను ఏడాది దాటిన బిడ్డకు దినమునకు అరలీటరు పాలు చాలును. పాలు, బిస్కత్తులతో కడుపు నింపి, అన్నము తినలేదని వగచుట తగదు. పాలలో ఇనుము బహు స్వల్పము. చెనక్కాయలు పండు ఈ సీమలో ఒక హెచ్చరికయు అవసరము: ఐదేండ్లలోపు వారికి గింజలు గింజలుగా పెట్టరాదు, గొంతున అడ్డుపడును, పొడిచేసి కలుపవలెను. బరువు పెరుగక నిలిచినను, ప్రతి ముద్దకు వాంతి వచ్చినను, మొగము పాలిపోయినను, అది జంకు కాదు. అంగన్వాడీలో తూచి, వైద్యునికి చూపవలెను.

చలికాలమున అనపకాయలు వచ్చును. గింజలను రాత్రి నానవేసి, ఉదయము పితికి పితికిపప్పు చేయుదురు. ఆ పనికి బిడ్డను కూర్చుండబెట్టి చూడుడు. వ్రేళ్ల నడుమ నొక్కగనే గింజ పొట్టు విడిచి చివుక్కున ఎగురును. పితికినదానికంటె నేలపాలైనది ఎక్కువైనను పోనిండు. ఆ పూట సంగటి ప్రక్కన పులుసు వడ్డించినపుడు బిడ్డ తాను పితికిన గింజలకై వెదకును. ఒకటి తినవచ్చును, తినకపోవచ్చును. ఎవరును ఆ ఊసెత్తవలదు. అనపకాయలు సంక్రాంతి దాటియు కొన్నాళ్లు దొరకును.