తేదీ వేసిన ఆకాశం

 

మీరు పట్టాలు పుచ్చుకునే ఇలాంటి సభల్లో ఆకాశమే హద్దు అనడం ఆనవాయితీ. ఆ ఆకాశాన్ని మిల్లీమీటర్లలో కొలిచినవాళ్ల సంగతి చెబుదామని వచ్చాను.

రోహిణి పేరు చెబితే మనకు రోళ్లు పగిలే ఎండ గుర్తొస్తుంది. రోహిణి కార్తెలో సూర్యుడు ఆ చుక్క దగ్గరే ఉంటాడు కనుక అప్పుడది కంటికి కనబడదు. సంక్రాంతి రోజుల్లో రాత్రి తొమ్మిది దాటాక మేడెక్కి తల పూర్తిగా పైకెత్తండి. మన కర్నూలు నడినెత్తికి ఒక డిగ్రీ కూడా తేడా లేకుండా ఎర్రగా వెలుగుతూ పోతుంది. ఏ చుక్క ఏ ఊరి నెత్తిమీదుగా పోతుందో ఇంత కచ్చితంగా ఎలా చెప్పగలుగుతున్నాం? ఎవరో కూర్చుని కొలిచారు కనుక. ఆ ఎవరోలలో కొందరు మనకు దగ్గరివాళ్లే.

తుంగభద్ర అవతలి ఒడ్డు ఒకప్పుడు నిజాం రాజ్యం. 1901లో హైదరాబాదులో నవాబు జఫర్ జంగ్ 15 అంగుళాల గ్రబ్ కంపెనీ దూరదర్శిని తెప్పించి నిజామియా వేధశాలకు పునాది వేశాడు. 1908లో అది సర్కారు చేతికి వచ్చి బేగంపేటకు చేరింది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో కలిసింది. తమాషా ఏమిటంటే, వేధశాలకు పేరు తెచ్చింది నవాబు ముచ్చటపడిన పెద్ద దూరదర్శిని కాదు. దాని పక్కనున్న 8 అంగుళాల కుక్ ఆస్ట్రోగ్రాఫ్, అంటే ఆకాశాన్ని ఫొటో తీసే దూరదర్శిని.

1887లో పారిస్‌లో ఖగోళ శాస్త్రజ్ఞులు సమావేశమై ఆకాశమంతటినీ ఫొటోలు తీసి పట్టిక వేయాలని, పటాలు అచ్చు వేయాలని తీర్మానించారు. సుమారు 20 వేధశాలలు ఆకాశాన్ని పట్టీలుగా పంచుకున్నాయి. చిలీలోని శాంటియాగో తన వంతు పూర్తి చేయలేకపోయింది. ఖగోళ మధ్యరేఖకు దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న ఆ పట్టీని హైదరాబాదు తలకెత్తుకుంది. మన అనూరాధ నక్షత్రంలోని రెండు చుక్కలు ఆ పట్టీలోనివే.

పని ఎలా సాగేదంటే, భూమి తిరుగుతుంటుంది కాబట్టి చుక్క కదిలిపోతుంది. దాన్ని వెంబడిస్తూ దూరదర్శినిని గడియారపు యంత్రం తిప్పాలి. యంత్రాన్ని నమ్మి వదిలేయడానికి లేదు. పక్కనున్న ఇంకో గొట్టంలో కన్నుపెట్టి, ఒక చుక్క అడ్డగీతల మీద నుంచి జారకుండా మనిషి కాపలా కాయాలి. ఆ తర్వాత చీకటి గదిలో గాజు ప్లేటు కడగాలి. అసలు చాకిరీ ఆ తర్వాతే. ప్లేటు మీద ఒక మిల్లీమీటరు ఆకాశంలో కోణపు నిమిషం, అంటే డిగ్రీలో 60వ వంతు. ప్లేటు మీదున్న గళ్లను ఆధారం చేసుకుని, ఒక్కో చుక్క అడ్డంగా ఎంత దూరంలో ఉందో, నిలువుగా ఎంత దూరంలో ఉందో సూక్ష్మదర్శినితో చూసి పుస్తకంలో రాయాలి. 1914 నుంచి 1929 దాకా ఆ ఒక్క పట్టీకే 1,260 ప్లేట్లు తీశారు. అది అవుతుండగానే జర్మనీ వాళ్లు వదిలేసిన ఉత్తరపు పట్టీలో కొంత నెత్తినేసుకుని, 1938 దాకా ఇంకో 592 తీశారు. మొదలుపెట్టిన అధిపతులు ముగింపు చూడలేదు. 1918లో బాధ్యత తీసుకున్న టి.పి. భాస్కరన్ 1944 దాకా దాన్ని మోశారు.

వాటికన్ వేధశాలలో ఇదే పనికి నలుగురు సన్యాసినులు కూర్చుని సుమారు 4,80,000 నక్షత్రాలను కొలిచారు. వాళ్ల పేర్లు లోకానికి తెలిసింది 2016లో.

ఇంత చాకిరీ దేనికని అప్పట్లోనే సణిగినవాళ్లున్నారు. ఐరోపా వేధశాలలు ఈ పట్టికలో మునిగి ఉండగా అమెరికావాళ్లు నక్షత్రాల స్వభావం ఏమిటో, గెలాక్సీలు ఎంత దూరమో వెతుకుతూ ముందుకు పోయారు. ఆ సణుగుడులో నిజం ఉంది. తలపెట్టిన రెండు పనుల్లో ఒకటైన పటాల ముద్రణ చివరికి పూర్తి కాలేదు కూడా.

పట్టిక మాత్రం దశాబ్దాలు అటక మీద ఉండి, ఎవరూ అనుకోని చోట పనికొచ్చింది. 1989 నుంచి 1993 దాకా హిప్పార్కస్ ఉపగ్రహం నక్షత్రాల స్థానాలను అద్భుతంగా కొలిచింది. అయితే ఏ చుక్క ఎటు కదులుతోందో తెలియాలంటే పాత స్థానం కావాలి. ఏడాదికి కోణపు సెకనులో నూరో వంతు జరిగే చుక్క, 70 ఏళ్లకు ఆ పాత ప్లేటు మీద మిల్లీమీటరులో నూరో వంతు పక్కకు పోయినట్టు. ఆ కాస్త తేడా దొరకాలంటే 70 ఏళ్ల కిందట ఎవరో జాగ్రత్తగా కొలిచి, పక్కన తేదీ వేసి ఉండాలి. వేశారు. ఆ ఉపగ్రహ కొలతలతో 2000లో వెలువడిన టైకో-2 పట్టికలోని 25 లక్షల నక్షత్రాల కదలికలకు హైదరాబాదు ప్లేట్లతో సహా ఆ పాత కొలతలే ఆసరా అయ్యాయి. కొలిచినవాళ్లకు ఉపగ్రహం అనే ఊహే లేదు.

బేగంపేటలో దీపాలు పెరిగితే 48 అంగుళాల కొత్త దూరదర్శినిని రంగాపూర్‌లో పెట్టారు. నగరం అక్కడికీ వచ్చింది. ఇప్పుడు 4,500 మీటర్ల ఎత్తున లడఖ్‌లోని హాన్లేలో దూరదర్శిని ఉంటే, బెంగళూరు దగ్గర హోస్కోటలో కూర్చుని ఉపగ్రహ సంకేతాలతో తిప్పుతున్నారు. ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఖగోళం అంటే భౌతికశాస్త్రం వాళ్ల సొత్తే కాదు.

మీలో ఎక్కువమంది ఆ వైపు పోరు. మండల కార్యాలయంలో వాన లెక్క రాస్తారు, బోరుబావిలో నీటిమట్టం చూస్తారు, ఆస్పత్రిలో రక్తపోటు రాస్తారు. కరువు సీమలో ఆ అంకెల విలువ నేను చెప్పాల్సిన పని లేదు. ఎండకు బద్ధకించి, నిన్నటి అంకెనే దించేవాళ్లను నేను చూశాను. ఖాళీగా వదిలిన గడి నయం, వచ్చేవాళ్లను మోసం చేయదు.

2009 అక్టోబరు 2న తుంగభద్ర ఈ ఊళ్లోకి వచ్చినప్పుడు మీరు చిన్నపిల్లలు. మీ వీధిలో నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో ఏ గోడ మీదైనా గీత ఉందా? ఉంటే పక్కన తేదీ, గంట ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే మీ నాయన, అవ్వ, పక్కింటివాళ్లు చెప్పగలిగిన ఈ రోజుల్లోనే అడిగి రాయండి. ఎవరు చెప్పారో కూడా రాయండి. రేపు వంతెన ఎంత ఎత్తున కట్టాలో లెక్కవేసే ఇంజనీరుకు అది కావాలి. ఆ ఇంజనీరు ఇంకా బడిలో చేరి ఉండకపోవచ్చు.